ఉత్తర తెలంగాణ దరువులు, ఆటలు: మూలాల వివాదం

చర్మవాద్యం మీద నిర్ణీత వరుసలో మళ్లీ మళ్లీ వచ్చే దెబ్బల కూర్పును దరువు అంటారు. ఆ దరువుకు అడుగు కలిసినప్పుడు ఆట పుడుతుంది. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పరిధిలో, గోదావరికి రెండు వైపులా పరచుకున్న ఉత్తర తెలంగాణలో, డప్పు, ఒగ్గు డోలు, దండారి-గుస్సాడీ, ధింసా, తీన్మార్ వంటి దరువులూ ఆటలూ నేటికీ ఊరి జీవితంలో భాగంగానే ఉన్నాయి. వీటిలో దాదాపు ప్రతిదానికీ ఒక కులం పేరో తెగ పేరో అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ పేరు ఎంతవరకు సబబు, దరువు మొదట ఎవరి చేతిలో పుట్టింది, ఎవరి నుంచి ఎవరికి చేరింది అనే విషయాల మీద పరిశోధకులలోనూ కళాకారులలోనూ భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. వాద్యం చేసేవారు, వాయించేవారు, ఆడేవారు, ఆ ఆట ఏ దేవుని కోసమో ఆ దేవుణ్ణి కొలిచేవారు ఈ ప్రాంతంలో తరచుగా వేరువేరు సముదాయాలవారు కావడమే ఈ వివాదానికి మూలకారణం.

వివాద స్వరూపం

ఒక దరువు "ఎవరిది" అన్న ప్రశ్నలో నిజానికి కొన్ని వేరువేరు ప్రశ్నలు కలగలిసి ఉంటాయి. వాద్యాన్ని తయారుచేసే పనితనం ఎవరిది, దాన్ని వాయించే హక్కూ బాధ్యతా ఎవరివి, ఏ సందర్భంలో ఎవరు ఆడుతారు, ఆ సందర్భానికి ధాన్యమో డబ్బో ఇచ్చి పోషించేది ఎవరు అనేవి అందులో ముఖ్యమైనవి. తెలంగాణ గ్రామవ్యవస్థలో ప్రతి పెద్ద కులానికీ ఆ కులపురాణం చెప్పి దానిపైనే ఆధారపడి బతికే ఆశ్రిత కులాలు ఉండేవి. మాదిగలకు చిందు, డక్కలి వంటి ఆశ్రిత కులాలు ఉన్నట్లే, గోండులకు ప్రధాన్లు, తోటీలు, కోయలకు డోలీలు ఉన్నారు. కథ ఒకరిది, గొంతు మరొకరిది అయిన ఇటువంటి ఏర్పాటులో వాద్యాన్ని కథ గలవారి సొత్తుగా చూడాలా, గొంతు గలవారి సొత్తుగా చూడాలా అన్న సందేహం సహజంగానే వస్తుంది.

ఆధారాల స్వభావం కూడా వివాదాన్ని పెంచింది. రాతప్రతులు రాజాస్థానాల, మఠాల వైపు నుంచి మాట్లాడుతాయి. శిల్పాలు వాద్యం ఆకారాన్ని చూపుతాయి గాని దరువును వినిపించలేవు. మౌఖిక పురాణాలు ఆయా సముదాయాల గౌరవాన్ని నిలబెట్టడానికి చెప్పుకున్నవి. ఏ ఒక్క ఆధారం మీదనో నిలబడి మూలాన్ని తేల్చిన వాదాలు ఎక్కువ కాలం నిలవకపోవడానికి ఇదే కారణం.

మధ్యయుగ సాక్ష్యాలు

వేములవాడ రాజధానిగా ఏలిన చాళుక్య శాఖ కాలం నుంచీ ఈ ప్రాంతం పలు భాషల కూడలిగా ఉంది. పదవ శతాబ్దంలో రెండవ అరికేసరి ఆస్థానంలో కన్నడ మహాకవి పంపడు ఉండగా, అతని తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ సమీపంలోని కురిక్యాల గుట్టపై సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలోనూ శాసనం వేయించాడు. తెలుగు, కన్నడ, మరాఠీ, గోండీ భాషలు మాట్లాడేవారు ఒకే దారుల మీద తిరిగిన చోట దరువులు ఒకే భాషవారి దగ్గర ఆగిపోయి ఉంటాయని అనుకోవడం కష్టం.

పదమూడవ శతాబ్దపు రచనలు ఈ ప్రశ్నకు మరింత దగ్గరగా వస్తాయి. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శివరాత్రి ఉత్సవాన్ని వర్ణిస్తూ అప్పటి వాద్యాలను, ఆటలను, జనంలో ఉన్న పాటల రకాలను పేర్కొన్నాడు. కాకతీయ గణపతిదేవుని గజసేనాని జాయపసేనాని 1253–54 ప్రాంతంలో రచించిన నృత్తరత్నావళి, శాస్త్రీయ మార్గనృత్తంతో పాటు దేశి నృత్తాలకూ, అంటే ఆయా ప్రాంతాల జనం రుచిని బట్టి పెరిగిన ఆటలకూ విస్తారమైన చోటిచ్చింది. అందులో పేరిణి, రాసకం, దండరాసకం, చిందు, కోలాటం వంటి వాటితో పాటు గోండలి అనే నృత్తం కూడా కనిపిస్తుంది. కల్యాణ నగరంలో భూతమాతృకా ఉత్సవ సందర్భంలో భిల్ల స్త్రీ నర్తనం చూసిన చాళుక్య సోమేశ్వరుడు దానికి మెరుగులు దిద్దించాడనీ, మహారాష్ట్రలో భిల్ల స్త్రీని గోండిని అంటారు కనుక ఆ నృత్తానికి ఆ పేరు వచ్చిందనీ జాయప వివరణ.

ఈ వివరణ చరిత్రగా ఎంత నమ్మదగినదన్న చర్చను పక్కన పెట్టినా, అందులోని రెండు సంగతులు గమనించదగినవి. మొదటిది, ఒక ఆట ఏ జాతిదో చెప్పవలసిన అవసరం ఏడున్నర శతాబ్దాల క్రితమే గ్రంథకర్తలకు కలిగింది. రెండవది, అడవి జనం ఆటను రాజు తీర్చిదిద్ది ఆస్థానానికి తెచ్చిన కథను చెప్పినప్పుడు రాజు పేరు నిలిచింది గాని, ఆడిన స్త్రీ పేరు నిలవలేదు. తరువాతి కాలపు మూలవివాదాలన్నింటిలోనూ ఈ అసమానత ఏదో ఒక రూపంలో కొనసాగింది.

డప్పు

గుండ్రని కట్టె చట్రానికి ఒకవైపు తోలు బిగించి చేసే డప్పును నిప్పుసెగ మీద కాచి, శ్రుతి పెంచి, భుజానికి వేలాడదీసుకుని రెండు పుల్లలతో వాయిస్తారు; పొట్టిగా మందంగా ఉండేది సిర్ర, సన్నగా పొడుగ్గా ఉండేది సిటికెన పుల్ల. పెండ్లికి, చావుకు, జాతరకు, చాటింపుకు, పీర్ల పండుగకు వేరువేరు దెబ్బలు ఉండడం వల్ల, ఊళ్లో ఏం జరుగుతున్నదో దూరాన పొలంలో ఉన్నవారు సైతం దరువును విని తెలుసుకోగలిగేవారు. తోలు శుద్ధిచేయడం, వాద్యం కట్టడం, వాయించడం మూడూ మాదిగల చేతిలోనే ఉండడంతో ఈ వాద్యానికి ఆ కులంతో ఉన్న బంధం మిగతా వాద్యాల కంటే గట్టిది.

వివాదం ప్రధానంగా రెండు అంశాల మీద ఉంది. పశ్చిమాసియాలోని దఫ్ అనే చట్రవాద్యంతో పేరులోనూ ఆకారంలోనూ ఉన్న పోలికను చూపి, డప్పు ముస్లిం పాలనతో వచ్చిందని కొందరు భావించారు. అయితే తమిళనాడులోని పరై, కన్నడ ప్రాంతపు తమటె, హలిగె ఇదే కుటుంబానికి చెందిన వాద్యాలు. పరై ప్రస్తావన ప్రాచీన సంగం సాహిత్యంలోనే ఉంది. ఒకవైపు తోలు బిగించిన చట్రవాద్యం ప్రపంచంలో అనేక చోట్ల స్వతంత్రంగా పుట్టగలిగినంత సరళమైనది కనుక, పోలిక ఒక్కటే దిగుమతికి రుజువు కాజాలదు. పీర్ల పండుగలో డప్పు దెబ్బకు హిందువులూ ముస్లింలూ కలిసి అలాయి గుండం చుట్టూ ఆడడం మాత్రం రెండు సంప్రదాయాల కలయికకు నిజమైన సాక్ష్యం.

రెండవ అంశం సామాజికమైనది. డప్పును గ్రామ ఉమ్మడి కళగా, తెలంగాణ కళగా చెప్పే ధోరణి పెరిగిన కొద్దీ, దాన్ని మోసినందుకే అంటరానితనాన్ని, వెట్టిని భరించిన సముదాయం పేరు వెనక్కి పోతున్నదన్న అభ్యంతరం వచ్చింది. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం ఒకప్పుడు హీనతకు గుర్తుగా చూపిన డప్పునే ఆత్మగౌరవ చిహ్నంగా నిలబెట్టింది. ఇక్కడ మూలాన్ని గురించిన వాదం వట్టి పురాతత్వ ఆసక్తి కాదు. శతాబ్దాల శ్రమకు దక్కవలసిన గుర్తింపును అడగడం.

ఒగ్గు డోలు

శివుని ఢమరుకాన్ని పోలిన చిన్న వాద్యం ఒగ్గు. దాన్ని పట్టి చెప్పే కథ ఒగ్గుకథ. కథకునికి తోడుగా వంతపాడేవారు, డోలు, తాళాలు ఉంటాయి. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు దీనిలో ప్రధానం. కథ చెప్పే ఒగ్గువారే పూజారులుగా రంగుల పిండితో పట్నం అనే ముగ్గు వేసి దేవుని పెండ్లి జరిపిస్తారు కనుక, ఇది వినోదంగా మొదలైన కళ కాదని, ఆరాధనలో భాగమని స్పష్టమవుతుంది. వేములవాడ మండలం హనుమాజిపేటకు చెందిన మిద్దె రాములు, జనగామ ప్రాంతానికి చెందిన చుక్క సత్తయ్య ఈ కళను జాతర ప్రాంగణం నుంచి పెద్ద వేదికలకు తీసుకుపోయిన కథకులు.

ఒగ్గును కురుమలు తమ కులదైవం బీరప్ప ఆరాధన నుంచి పుట్టినదిగా చెప్తారు; గొల్లలు మల్లన్న కొలుపుతో దానికున్న బంధాన్ని చూపుతారు. కొమురవెల్లి మల్లన్నకు బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ అనే ఇద్దరు భార్యలు ఉండడం ఈ కొలుపులో వేరువేరు కులాలు భాగస్వాములని తెలుపుతుంది. తెలంగాణ సరిహద్దు దాటితే విషయం మరింత విస్తరిస్తుంది. మహారాష్ట్రలోని ఖండోబాకు వాణి కులపు మ్హాళస, ధనగర కులపు బాణాయి భార్యలు. కర్ణాటకలో అదే దేవుడు మైలారుడు. మహారాష్ట్ర ధనగరులు బిరోబాను కొలిచి డోళ్ల దరువుకు గజీ నృత్యం చేస్తారు. కర్ణాటక కురుబలు బీరేశ్వరుని కొలువులో డొళ్లు కుణిత ఆడుతారు. జర్మన్ పరిశోధకుడు గుంథర్ సోంథైమర్ దక్కన్ పశుపాలకుల దేవతల మీద చేసిన కృషి, ఈ కొలుపులను గొర్రెల మందలు మేతకు తిరిగే దారులతో కలిపి చూడాలని నేర్పింది.

డోలు దరువు కర్ణాటక నుంచి తెలంగాణకు వచ్చిందా, ఇక్కడి నుంచి అక్కడికి పోయిందా అని అడిగే వాదాలు నేటి రాష్ట్రాల సరిహద్దులను గతంలోకి నెట్టుతున్నాయి. వానలను బట్టి, మేతను బట్టి కదిలిన మందల వెంట దేవుడు, కథ, డోలు కలిసి నడిచాయని భావించడమే లభ్యమైన ఆధారాలకు దగ్గరగా ఉంటుంది. డోళ్లవారు వరుసలు కట్టి, ఎగిరి, ఒకరిపై ఒకరు నిలిచి చేసే నేటి ఒగ్గు డోలు విన్యాసం ఊరేగింపుల, వేదికల అవసరాలకు తగినట్లు పెరిగిన రూపం. దాన్ని చూసి ప్రాచీన రూపాన్ని ఊహించడం సరికాదు.

సముదాయాల, కొలుపుల కలయికకు వేములవాడ ఒక ముఖ్యమైన కేంద్రం. ఇక్కడి శివుడైన రాజన్నకు కోడెను కట్టి మొక్కు తీర్చుకునే రైతులు, మందలు గలవారు, మేడారం జాతరకు ముందు ఇక్కడికి వచ్చే యాత్రికులు, శిగమూగే శివసత్తులు ఒకే ప్రాంగణంలో కలుస్తారు. పక్కనే ఉన్న బద్ది పోచమ్మకు బోనాలు డప్పులతో, డోళ్లతో వస్తాయి. రాజన్న గుడి ఆవరణలోనే దర్గా ఉంది. ఇటువంటి క్షేత్రాలలో ఒక సముదాయపు దరువును మరొక సముదాయం వినడం, నేర్వడం, తన కొలుపుకు తగినట్లు మార్చుకోవడం ఏటేటా జరిగే పని.

దండారి, గుస్సాడీ

ఆదిలాబాద్ అడవి గూడేలలో రాజ్‌గోండులు దీపావళి రోజుల్లో జరిపే పండుగ దండారి. నెమలి ఈకల టోపీ, ఒంటినిండా బూడిద, భుజాన జంతుచర్మం, చేతిలో కర్ర ధరించి ఆడేవారు గుస్సాడీలు. వారిని దైవాంశ గలవారిగా భావిస్తారు, ఆ రోజులు గడిచేవరకు వారు స్నానం చేయరు. స్త్రీ వేషం వేసిన యువకులు, కోలలు పట్టిన ఆటగాళ్లు, వాద్యకారులు కలిసి ఒక గూడెం నుంచి మరొక గూడేనికి దండారి బృందంగా వెళ్తారు. అతిథి బృందాన్ని నిలుపుకుని విందు పెట్టే ఈ రాకపోకల్లో బంధుత్వాలు బలపడతాయి, పెండ్లి సంబంధాలు కుదురుతాయి. జైనూర్ మండలం మార్లవాయికి చెందిన కనకరాజు గుస్సాడీని పలు తరాల యువకులకు నేర్పి, 2021లో పద్మశ్రీ అందుకుని, 2024లో కన్నుమూశాడు.

ఆట గోండులదే అయినా, వాద్యం విషయంలో చిత్రం సంక్లిష్టంగా ఉంటుంది. గోండుల వంశపురాణాలను కీక్రి అనే తంత్రీవాద్యం మీద పాడేవారు ప్రధాన్లు. ఆదిలాబాద్ ప్రధాన్ల ఇంటిభాష ఎక్కువగా మరాఠీ కాగా, కొలుపులో పాడేది గోండీ. తోటీలు కూడా కీక్రి, డక్కి, పెప్రె, కాళికోం వంటి వాద్యాలతో గోండుల కర్మకాండలో పాలుపంచుకుంటారు. గుమేల, డప్పు, పెప్రె కలిసిన ధ్వనే దండారికి ప్రాణం. సొంత భాష గల కోలాములు సైతం దండారి జరుపుతారు. వారు అనేక చోట్ల గోండులకు స్థానిక దేవతల పూజారులుగా కూడా వ్యవహరించారు. అందువల్ల దండారి మొదట గోండులదా, కోలాములదా అన్న ప్రశ్న, వాద్యం ప్రధాన్లదా, తోటీలదా అన్న ప్రశ్నతో పెనవేసుకుంది.

గోండీ పురాణం ఈ బంధాన్ని తనదైన రీతిలో వివరిస్తుంది. ధర్మాన్ని, గోత్రవ్యవస్థను, పాటను, ఆటను గోండులకు నేర్పిన సంస్కృతీ పురుషుడు పహండి కుపార్ లింగాల్ కాగా, ప్రధాన్ల మూలపురుషుడు హిరాసుక అతనికి తోడైన వాద్యకారుడు. బస్తర్ మురియా గోండులలో లింగో పద్దెనిమిది వాద్యాలను ఒకేసారి వాయించాడన్న కథను వెరియర్ ఎల్విన్ 1947లో ప్రచురించిన గ్రంథంలో నమోదు చేశాడు. 1940లలో మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని అధ్యయనం చేసిన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ రచనలు, గోండుల పురాణజ్ఞానం ప్రధాన్ల కంఠంలో భద్రపడి ఉందని స్పష్టంచేశాయి. ప్రధాన్లు సామాజికంగా తక్కువ స్థాయిలో ఉన్నారని, అయినా వారు లేకుండా గోండుల ముఖ్యమైన కొలుపులు నడవవని కూడా ఆ రచనలు చూపుతాయి. పురాణంలోనే ఆటకు, వాద్యానికి ఇద్దరు మూలపురుషులు ఉన్నప్పుడు, పరిశోధన వారిలో ఒకరిని తొలగించవలసిన అవసరం లేదు.

ధింసా

ఒకరి నడుము వెనుక మరొకరు చేతులు కలిపి, వలయాలుగా, మెలికలుగా కదిలే ధింసా పేరుతో పరస్పరం దూరంగా ఉన్న రెండు ప్రాంతాల ఆటలు వ్యవహారంలో ఉన్నాయి. ఆదిలాబాద్ గోండు గూడేలలో ఒకటి ఉండగా, విశాఖ మన్యంలోని అరకు లోయలో పోర్జ, బగత, ఖోండు, వాల్మీకి, కోటియ తెగలు ఆడేది మరొకటి. అరకు ఆటకు ఒడిశాలోని కోరాపుట్ ప్రాంతపు ధెమ్సాతో దగ్గరి సంబంధం ఉంది. అరకులో మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు వాడుతారు. పర్యాటక ప్రచారం అరకు రూపానికే ఎక్కువ పేరు తేవడంతో, ఆదిలాబాద్ ధింసాను దానికి అనుకరణగా భావించేవారు ఉన్నారు. కానీ తెగలు, భాషలు, వాద్యాలు వేరైనప్పుడు పేరును బట్టి ఒకే మూలాన్ని ప్రతిపాదించడం తొందరపాటు. అరకులోనే ఒకే ఆటను పలు తెగలు పంచుకోవడం, ఏకజాతి మూలం అన్న భావనకు ఉన్న పరిమితిని చాటుతుంది.

మర్ఫా, తీన్మార్

తెలంగాణ దరువులలో ఆఫ్రికా మూలం చర్చకు వచ్చేది హైదరాబాద్‌లోని మర్ఫా అనే దరువు విషయంలో. నిజాం సైన్యంలో యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతపు అరబ్బులు, ఆఫ్రికా సంతతికి చెందిన సిద్దీలు ఇద్దరూ పనిచేశారు. అరబ్బులు బార్కస్‌లో, సిద్దీలు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరు మిగిలిన ఏసీ గార్డ్స్‌లో స్థిరపడ్డారు. మర్ఫా అరబ్బు సైనికుల వెంట వచ్చిందని ఒక వాదం, దాని లయలో తూర్పు ఆఫ్రికా ముద్ర ఉందని మరొక వాదం. ఎర్ర సముద్రం, అరేబియా సముద్రం తీరాల మధ్య శతాబ్దాల పాటు మనుషులు, సరుకులు, బానిసలు తరలిన చరిత్రను బట్టి చూస్తే, హద్రమౌత్ సంగీతంలోనే ఆఫ్రికా పాలు ఉండే అవకాశం ఎక్కువ కనుక రెండు వాదాలూ పరస్పరం రద్దు చేసుకోవు. మర్ఫా, డప్పు దెబ్బలు పెండ్లి బరాతులలో, గణేశ్ నిమజ్జనాలలో కలగలిసిన వాతావరణంలోనే నేటి తీన్మార్ ఎదిగింది. కరీంనగర్, వేములవాడ వీధుల్లో అది వినిపించినప్పుడు దాని వెనుక ఒకటికి మించిన చరిత్రలు పనిచేస్తుంటాయి.

పశ్చిమ ఆఫ్రికాతో పోలిక

ఇటువంటి వివాదమే పశ్చిమ ఆఫ్రికా దరువుల విషయంలోనూ విస్తృతంగా ఉంది. జెంబే డోలును మాండే జాతుల కమ్మరి వృత్తివారితో ముడిపెట్టడం పరిపాటి. ఫోదేబా కేతా స్థాపించిన ఆఫ్రికన్ బాలే బృందం 1958లో గినీ స్వాతంత్ర్యానంతరం జాతీయ బృందంగా మారి, మలింకే, సుసు, బాగా వంటి వేరువేరు జాతుల దరువులను ఒకే ప్రదర్శనలో కూర్చడంతో, ఏ దరువు ఏ జాతిదన్న ఎరుక విదేశీ విద్యార్థులకే కాక పట్టణ కళాకారులకూ మసకబారింది. ఘనాలోని ఎవే జనం ఆడే గహు నేటి బెనిన్, నైజీరియా తీరం నుంచి వారికి చేరింది. అక్రా నగరంలో గా యువకులు 1960ల తొలినాళ్లలో ప్రచారంలోకి తెచ్చిన క్పాన్‌లోగో ఆట ఒక తరంలోనే సంప్రదాయంగా స్థిరపడింది. సెనెగల్‌లో సబర్ డోలు వోలోఫ్‌లదా సెరేర్‌లదా అన్న చర్చ ఉంది.

రెండు ప్రాంతాల మధ్య లోతైన సామ్యం ఆశ్రిత వ్యవస్థలో కనిపిస్తుంది. మాండే సమాజంలో జెలీలు అనే వంశపారంపర్య గాయకులు ప్రభువంశాల చరిత్రను పాడి వారి పోషణలో బతకడం, ప్రధాన్లు గోండుల వంశచరిత్రను పాడడాన్ని తలపిస్తుంది. అయితే తెలంగాణలో దీనికి తోడు అంటరానితనం ఉంది కనుక, వాద్యకారుని పేరును మరుగున పెట్టడంలోని అన్యాయం ఇక్కడ మరింత తీవ్రమైనది.

పేర్లు బిగుసుకున్న తీరు

ఒక కళకు ఒకే కులం అన్న భావన బలపడడంలో వలసపాలన కాలపు జనగణనలకు, కులవర్ణన గ్రంథాలకు పెద్ద పాత్ర ఉంది. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాల, తెగల గ్రంథం, నిజాం రాజ్యంలోని కులాల, తెగల మీద సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో ప్రచురించిన గ్రంథం ప్రతి సముదాయాన్నీ విడివిడిగా నమోదు చేశాయి. సముదాయాల నడుమ ఉండే ఇచ్చిపుచ్చుకోవడం ఈ పద్ధతిలో అంచులకు జరిగింది. స్వాతంత్ర్యం తరువాత గణతంత్ర దినోత్సవ ఊరేగింపులు, సాంస్కృతిక శాఖల పోటీలు ప్రతి జిల్లాకూ ఒక ప్రతినిధి కళను కోరడంతో, గంటల తరబడి సాగే కొలుపు నిమిషాల ప్రదర్శనగా కుదించుకుపోయింది. 2014లో ప్రత్యేక రాష్ట్రం ఏర్పడ్డాక గుస్సాడీ, ఒగ్గు డోలు, డప్పు తెలంగాణ గుర్తులుగా ఆదరణ పొందాయి. ఆ ఆదరణ కళాకారులకు మేలు చేసినా, వేదికమీది ప్రకటనలో ఆడేవారి తెగ పేరు వినిపించి, వాయించేవారి పేరు వినిపించని సందర్భాలు మిగిలే ఉన్నాయి.

ఒక ఆటకు ఒకే వర్గం పేరు స్థిరపడడానికి శాస్త్రీయ రంగంలో పేరిణి మరొక ఉదాహరణ. నటరాజ రామకృష్ణ ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో జాయప గ్రంథాన్ని, 1213 నాటి రామప్ప గుడి శిల్పాలను ఆధారం చేసుకుని పునర్నిర్మించిన ఈ నృత్యాన్ని కాకతీయ యోధుల ఆటగా పరిచయం చేస్తారు. ఇది ఆధారాల మీద నిలిచిన విలువైన పునఃసృష్టి. కానీ గూడెంలోనో వాడలోనో తెగకుండా నడచి వచ్చిన దరువుకూ, గ్రంథం నుంచి తిరిగి లేపిన దరువుకూ ఉన్న తేడాను చరిత్ర రచన స్పష్టంగా చెప్పాలి.

మూల్యాంకనం

ఉత్తర తెలంగాణ దరువులకు ఏక మూలాన్ని నిర్ణయించే ప్రయత్నాలకంటే, ప్రతి దరువునూ తయారీ, వాదనం, ఆట, కొలుపు, పోషణ అనే అంశాలుగా విడదీసి నమోదు చేసే పద్ధతి ఎక్కువ ఫలితాన్నిస్తుంది. ఆ పద్ధతిలో డప్పు మాదిగల శ్రమగా, వారి జ్ఞానంగా నిస్సందేహంగా నిలుస్తూనే, పీర్ల పండుగలో అది అందుకున్న కొత్త అర్థాన్నీ చూపుతుంది. ఒగ్గు డోలు కురుమల, గొల్లల కొలుపుగా ఉంటూనే దక్కన్ పశుపాలకుల విశాల లోకంలో భాగమవుతుంది. దండారిలో గోండు ఆటగాడి పక్కన ప్రధాన్, తోటి, కోలాం కళాకారులకు వారి వారి చోటు దక్కుతుంది. కలయిక జరిగిందని చెప్పడం ఏ సముదాయపు హక్కునూ తగ్గించదు. కలయికను సాకుగా చూపి, దరువును తరతరాలుగా మోసినవారి పేరు తుడిచివేయడమే తగ్గిస్తుంది. అందువల్ల ధ్వనిముద్రణలలో, పాఠ్యపుస్తకాలలో, పురస్కారాలలో, వేదికల మీద వాద్యం చేసినవారి నుంచి వాయించినవారి వరకు అందరి సముదాయాల పేర్లనూ నమోదు చేయడం ఈ రంగంలో పరిశోధకుల, సంస్థల ప్రాథమిక బాధ్యత.